దూరదేశము నుండి తండ్రి యింటికి
హిప్పో బిషప్ అగస్టీను జీవితము

మనుష్యుడు పాపము వలన దేవునికి దూరమాయెనని క్రైస్తవ సంఘము ఆదినుండి బోధించుచు వచ్చినది. అయితే ఆ దూరము ఎట్టిది? దేవుడు అంతటను ఉన్నవాడైతే ఆయనకు దూరముగా వెళ్లుటకు చోటెక్కడ? అపొస్తలుల తరువాతి కాలమున ఈ ప్రశ్నను హిప్పో పట్టణపు బిషప్ అగస్టీను పరిశోధించినంత లోతుగా పరిశోధించినవారు అరుదు. ఆయన దీనికి జవాబును గ్రంథములలోనే గాక తన హృదయములోను వెదకెను. తప్పిపోయిన కుమారుడు దూరదేశమునకు వెళ్లినది కాళ్లతో గాని ఓడలతో గాని కాదనియు, తండ్రి మీద ఉండవలసిన ప్రేమ మరియొకదాని మీదికి మరలుటయే ఆ దూరమనియు ఆయన గ్రహించెను. అది గ్రహించుటకు ఆయనకు 30 ఏండ్లకు పైగా పట్టెను. దానిని సంఘమునకు వివరించుటకు మిగిలిన జీవితమంతయు పట్టెను.

బాల్యము

అగస్టీను క్రీ.శ. 354 నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె అను చిన్న పట్టణములో జన్మించెను. అది నాడు రోమా సామ్రాజ్యములోని ఊరు. నేడు అల్జీరియా దేశములో సూక్ అహ్రాస్ అను పేరుతో ఉన్నది. తండ్రి పత్రీసియు కొద్దిపాటి భూమి గల గృహస్థుడు, ముక్కోపి, అన్యమతస్థుడు. మరణమునకు కొంతకాలము ముందు మాత్రమే అతడు క్రైస్తవుడాయెను. తల్లి మోనికా ప్రార్థనాపరురాలైన క్రైస్తవురాలు.

ఆ దినములలో బాప్తిస్మమును ఆలస్యము చేయు ఆచారము అనేక కుటుంబములలో ఉండెను. బాప్తిస్మమునకు తరువాత చేసిన పాపము మరింత భయంకరమని తలంచి, యౌవనపు పొరపాట్లన్నియు గడచిన పిమ్మట దానిని పొందుట మేలని పెద్దలు భావించుచుండిరి. బాలుడైన అగస్టీను కడుపు నొప్పితో చావునకు దగ్గరైనప్పుడు బాప్తిస్మమునకు ఏర్పాట్లు జరిగెను. నెమ్మదించగానే అవి ఆగిపోయెను. వానిని కొంతకాలము స్వేచ్ఛగా పోనిమ్మని చెప్పుట, గాయపడినవానిని ఇంకను గాయపడనిమ్మని చెప్పుట వంటిదేనని పెద్దవాడైన తరువాత ఆయన దుఃఖపడెను.

దొంగిలించిన పండ్లు

అగస్టీనునకు 16వ ఏట చదువు కొంతకాలము ఆగెను. కార్తేజు నగరమునకు పంపుటకు తండ్రి యొద్ద ధనము చాలలేదు. ఆ ఖాళీ కాలమున ఒక రాత్రి చాల ప్రొద్దుపోయిన తరువాత అతడును అతని తోడి కుర్రవాండ్రును, వారి ద్రాక్షతోట ప్రక్కనున్న ఒక చెట్టును దులిపి, బేరిపండ్లను మోయగలిగినన్ని మోసికొనిపోయిరి. వాటిలో కొన్ని మాత్రము కొరికి, మిగిలినవి పందులకు వేసిరి.

ఆ వయస్సు కుర్రవాండ్రు పండ్లు దొంగిలించుట లోకములో వింత కాదు. అయినను బిషప్పైన తరువాత అగస్టీను వ్రాసిన ఆత్మకథలో, అనగా ఒప్పుకోలులను గ్రంథములో, ఈ చిన్న దొంగతనమునకు అనేక పుటలు కేటాయించెను. దానిని విడువలేకపోవుటకు కారణము ఏమనగా, దానికి కారణము కనబడకపోవుటయే. ఆ రాత్రి అతనికి ఆకలి లేదు. ఆ పండ్లు చూపునకు గాని రుచికి గాని మంచివి కావు. అంతకంటె మంచి పండ్లు అతని యింటనే ఉండెను. ఆకలిగొన్నవాడు రొట్టె దొంగిలించినయెడల అతడు రొట్టెను కోరెనని చెప్పవచ్చును. ఇచ్చట కోరబడినది పండు కాదు, చేయకూడదనినదానిని చేయుటలోని ఆనందమే. ఒంటరిగా ఉన్నయెడల తాను ఆ పని చేసియుండనని కూడ అతడు గుర్తించెను. నలుగురు కలిసి నవ్వుచుండగా, సిగ్గుపడకుండుటయే గొప్పగా తోచెను.

అగస్టీను ఆ చెట్టు క్రింద ఏదెను తోటను చూచెను. అక్కడ కూడ ఆదాము హవ్వలకు తినుటకు ఇతర వృక్షములు లేక కాదు. మనుష్యుడు తనకు తానే ప్రభువై యుండగోరుట, దేవుని అధికారమును వంకరగా అనుకరించుట, ఇదియే పాపమునకు వేరని ఆయన చెప్పెను. వేరు ఇట్టిదైనప్పుడు దొంగిలించిన వస్తువు వెల ఎంతయను ప్రశ్న అల్పమైపోవును.

కార్తేజులో

ధనవంతుడైన ఒక ఊరివాని సహాయముతో అగస్టీను కార్తేజునకు వెళ్లి వాగ్ధాటి విద్య నభ్యసించెను. తండ్రి మరణించెను. ఇరువది ఏండ్లైనను నిండకమునుపే అతడు ఒక స్త్రీతో వివాహము లేకయే కాపురము పెట్టెను. వారికి ఒక కుమారుడు కలిగెను. అతనికి అదియోదాతు అని పేరు పెట్టిరి; తెలుగులో చెప్పవలెనంటే దైవదత్తుడు.

18 ఏండ్ల వయస్సున అతడు సిసెరో వ్రాసిన హోర్తెన్సియు అను గ్రంథమును చదివెను. పదవుల కొరకును ధనము కొరకును నేర్చుకొన్న విద్య అతనికి ఒక్కసారిగా చప్పనైపోయి, జ్ఞానము మీద దాహము కలిగెను. పరిశుద్ధ గ్రంథమును తెరచి చూచెను గాని, నాటి లతీను తర్జుమాలోని సామాన్యమైన భాష ఆ వాగ్ధాటి విద్యార్థికి రుచింపలేదు. ఆ పుస్తకములోనికి ప్రవేశించు గుమ్మము తక్కువ ఎత్తు గలది. తలవంచుట అతనికి ఇంకను తెలియదు.

అప్పుడతడు మానీ మతస్థులతో చేరెను. మానీ 3వ శతాబ్దమున పారసీక సామ్రాజ్యములో బోధించినవాడు. వెలుగు, చీకటి అను రెండు నిత్యమైన రాజ్యములు పోరాడుచున్నవనియు, మనుష్యునిలో వెలుగు యొక్క అంశము చీకటి చేత చెరపట్టబడి యున్నదనియు ఆ మతము చెప్పెను. దానిలో గొప్ప ఓదార్పు ఉండెను. పాపము చేయునది తాను కాదు, తనలోనున్న మరియొక స్వభావము! ఆదాము తన తప్పును హవ్వ మీదికి నెట్టినట్లు అగస్టీను తన తప్పును చీకటి మీదికి నెట్టెను. తొమ్మిదేండ్లు ఆ విధముగా గడచెను. తన పాపము తనది కాదని తలంచినంతకాలము అతడు క్షమాపణ అడుగలేకపోయెను. అపరాధి కానివానికి క్షమాపణతో పని ఏమి?

మానీ మతస్థులలో మహాపండితుడని పేరుపొందిన ఫౌస్తు వచ్చినప్పుడు అగస్టీను తన సందేహములన్నియు అతని యెదుట పెట్టెను. ఫౌస్తు మధురముగా మాట్లాడెను, తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకొనెను, గాని జవాబులు చెప్పలేకపోయెను. అప్పటినుండి ఆ మతము మీద అగస్టీను నమ్మకము సడలెను.

మిలానులో

383లో అతడు రోమునకు ప్రయాణమాయెను. తల్లి విడువక వెంబడించగా, ఓడ ఇప్పుడే బయలుదేరదని అబద్ధమాడి, ఆమె కార్తేజు సముద్రతీరమున ఒక ప్రార్థనాస్థలములో రాత్రి గడుపుచుండగా తాను ఓడ ఎక్కి పోయెను. తన కుమారుడు ఇటలీకి వెళ్లకుండవలెనని మోనికా ఆ రాత్రి ప్రార్థించెను. దేవుడు ఆ ప్రార్థనను త్రోసివేసి, ఆమె ఏండ్ల తరబడి చేసిన ప్రార్థనను నెరవేర్చుటకే అతనిని ఇటలీకి తీసికొనిపోయెనని అగస్టీను తరువాత తెలిసికొనెను.

384లో అతడు మిలాను నగరములో వాగ్ధాటి అధ్యాపకుడుగా నియమింపబడెను. చక్రవర్తి కొలువు అక్కడనే ఉండెను. అచ్చటి బిషప్ అంబ్రోసు ప్రసంగములు వినుటకు అతడు భాషాసౌందర్యము కొరకే వెళ్లెను; కొద్దికొద్దిగా విషయము కూడ లోనికి దిగెను. తాను హేళన చేసిన పాత నిబంధనకు లోతైన అర్థమున్నదని తెలిసెను. ప్లేటో మార్గమును అనుసరించిన తత్త్వవేత్తల గ్రంథములు లతీనులో దొరకెను. వాటి సహాయముతో, చెడుగు అనునది దేవునికి సాటియైన మరియొక పదార్థము కాదనియు, చీకటి వెలుగు యొక్క లేమియైనట్లు చెడుగు మేలు యొక్క లేమి యనియు అతడు గ్రహించెను. అయితే ఆ గ్రంథములలో గమ్యస్థానము దూరమునుండి కనబడెనే గాని దారి కనబడలేదు. మనుష్యుడైన క్రీస్తు అనగా తగ్గించుకొని వచ్చిన దేవుడు, ఆ పుటలలో లేడు.

ఈ కాలముననే అతని జీవితములోని మిక్కిలి విచారకరమైన సంగతి జరిగెను. ఉన్నతమైన పదవికి తగిన వివాహము కావలెనని తలంచి, తల్లి ఒక సంపన్న గృహములో సంబంధము కుదిర్చెను. ఆ పిల్ల ఇంకను చిన్నది. రెండేండ్లు ఆగవలసి యుండెను. పదేండ్లకు పైగా తనతో కాపురము చేసిన స్త్రీని అగస్టీను ఆఫ్రికాకు తిరిగి పంపివేసెను. ఆమె కుమారుని తండ్రి యొద్దనే విడిచి, మరియొక పురుషుని ఎరుగనని దేవునికి మ్రొక్కుకొని వెళ్లిపోయెను. ఆమె పేరును అగస్టీను ఎక్కడను వ్రాయలేదు. ఆమె వెళ్లినప్పుడు తన హృదయము చీలి రక్తము కారెనని ఒప్పుకొనెను; అయినను వివాహము వరకు ఆగలేక మరియొక స్త్రీని చేర్చుకొనెను. ఆమె మ్రొక్కుబడికి నిలిచెను, తాను నిలువలేకపోయెను. సత్యము తెలియనివానిగా ఉన్నప్పుడు కాదు, సత్యము సగమునకు పైగా తెలిసిన తరువాతనే అతడు ఈ పని చేసెను. తెలివి పెరిగినంత మాత్రమున దూరము తగ్గదని అతని బ్రతుకే సాక్ష్యమిచ్చెను.

తోటలో

386 వేసవి చివర, పొంతిషియాను అను ఆఫ్రికా దేశస్థుడు అగస్టీను ఇంటికి వచ్చి, ఐగుప్తు అరణ్యములో జీవించిన అంతోనీని గూర్చియు, ఆయన చరిత్రను చదివి రాజోద్యోగములు విడిచిన ఇద్దరిని గూర్చియు చెప్పెను. చదువులేనివారు పరలోకరాజ్యమును పట్టుకొనుచుండగా పండితుడైన తాను బురదలో దొర్లుచున్నానని అగస్టీను కలతచెందెను. స్నేహితుడు అలీపియుతో ఇంటి తోటలోనికి వెళ్లెను.

అక్కడ అతడు తన చిత్తమును గూర్చి ఒక ఆశ్చర్యమైన సంగతి కనుగొనెను. మనస్సు చేతికి ఆజ్ఞ ఇచ్చినయెడల చేయి వెంటనే లేచును. మనస్సు మనస్సుకే ఆజ్ఞ ఇచ్చినప్పుడు అది లోబడదు. పవిత్రతను కోరినవాడును తానే, ఇంకను కొంత ఆగమని అడిగినవాడును తానే. వెలుగు చీకటియను రెండు స్వభావములు కావవి. చీలిపోయిన ఒకే చిత్తము. అలవాటు అనెడి గొలుసును ఇతరులెవరును అతనికి వేయలేదు. తన యిష్టము కోరికగా, కోరిక అలవాటుగా, అలవాటు విడువరాని బంధకముగా మారెను.

అతడు అంజూరపు చెట్టు క్రింద పడి యేడ్చుచుండగా, ప్రక్క ఇంటినుండి పిల్లల గొంతు వంటి స్వరము, తీసి చదువుమని మరల మరల పాడుచుండుట వినబడెను. అతడు లేచి, అలీపియు యొద్ద ఉంచిన పౌలు పత్రికలను తెరచెను. రోమా పత్రిక 13వ అధ్యాయము చివర, అల్లరితోకూడిన ఆటపాటలను త్రాగుడును విడిచి ప్రభువైన యేసుక్రీస్తును ధరించుకొనవలెనను హెచ్చరిక మీద అతని కన్నులు పడెను. అంతకుమించి చదువుట అవసరము లేకపోయెను. తన చిత్తమును తాను కూర్చుకొనలేకపోయిన మనుష్యుడు క్రీస్తునందు దానిని తిరిగి పొందెను. ఆ సంగతి తెలిసిన మోనికా సంతోషముతో దేవుని స్తుతించెను.

387 ఈస్టరు పండుగ రాత్రి అగస్టీను, అలీపియు, బాలుడైన అదియోదాతు ముగ్గురును అంబ్రోసు చేత బాప్తిస్మము పొందిరి. అదే సంవత్సరము ఆఫ్రికాకు తిరిగి వెళ్లు ప్రయాణములో, రోమునకు రేవైన ఓస్తియాలో మోనికా తన 56వ ఏట ప్రభువునందు నిద్రించెను. 388లో ఆయన తగాస్తె చేరెను. కొద్ది కాలములోనే కుమారుడు కూడ మరణించెను.

బిషప్పు చేసిన ఒప్పుకోలు

391లో హిప్పో పట్టణమునకు వెళ్లినప్పుడు అచ్చటి విశ్వాసులు ఆయనను పట్టుకొని, కన్నీళ్లతో నిరాకరించుచుండగనే, బిషప్ వలెరియు చేత పాదిరిగా అభిషేకింపజేసిరి. 395-396 ప్రాంతమున ఆయన బిషప్పాయెను. ఆ తరువాత కొద్దికాలమునకే, 397 మొదలుకొని, ఒప్పుకోలుల గ్రంథమును వ్రాసెను. ఒక బిషప్పు తన యౌవనపు పాపములను చెప్పుకొనుట వింతయే. అంతకంటె వింత ఏమనగా, ఆ గ్రంథపు 10వ భాగములో ఆయన అప్పటి తన స్థితిని కూడ విప్పి చెప్పెను. భోజనములో అవసరమెక్కడ ముగియునో ఆశ ఎక్కడ మొదలగునో తెలియక తాను పడుచున్న తంటాలును, పొగడ్త విన్నప్పుడు తన హృదయము పొంగుటయు, అన్నియు వ్రాసెను. మారుమనస్సు పొందినవాడు రోగము నయమగుచున్నవాడే గాని రోగమును మరచిపోదగినవాడు కాడని ఆయన యెంచెను.

పెలగియుతో వివాదము

ఆ గ్రంథములో ఆయన చేసిన ఒక ప్రార్థన రోములో పెద్ద కలకలము పుట్టించెను. దేవుడు తన యిష్టమైనదానిని ఆజ్ఞాపించునట్లును, ఆజ్ఞాపించినదానిని చేయు శక్తిని కూడ తానే ఇచ్చునట్లును ఆయన అందులో వేడుకొనెను. బ్రిటను ద్వీపమునుండి వచ్చిన పెలగియు అను భక్తుడు దానిని విని సహింపలేకపోయెను. పెలగియు చెడ్డవాడు కాడు. పేరుకు మాత్రము క్రైస్తవులై విచ్చలవిడిగా బ్రతుకుచున్న రోమా ధనికులను చూచి అతడు బాధపడెను. దేవుడు చేయుమన్నది మనుష్యుడు చేయగలడు. చేయలేననుట సోమరి చెప్పు సాకు. ఆదాము పాపము ఆదామునకే హాని చేసెను, ఇతరులకు అది చెడ్డ మాదిరి మాత్రమే. ఇది ఆ పక్షమువారి బోధ.

తాను తొమ్మిదేండ్లు మానీ మతములో నేర్చిన సాకు ఎట్టిదో అగస్టీనుకు తెలియును. కనుక పాపమునకు బాధ్యత మనుష్యునిదే యనుటలో ఆయన పెలగియు కంటె వెనుకబడలేదు. అయితే తోటలోని ఆ మధ్యాహ్నమును కూడ ఆయన మరువలేదు. చిత్తము తనంతట తాను స్వస్థపడునదైతే ఆయన అంతకుముందే స్వస్థపడియుండును. మాటలు రాని పసివాడు, తన తోటి పసివాడు పాలు త్రాగుచుండగా ముఖము పాలిపోయి చిరాకుగా చూచుటను ఆయన గమనించెను. ఆ బిడ్డకు చెడ్డ మాదిరి ఎవరు చూపిరి? పాపము నేర్చుకొనిన అలవాటు మాత్రమే కాదు, పుట్టుకతో వచ్చిన వ్యాధి యని ఆయన చెప్పెను. కాలు విరిగినవానికి నడువుమని ఆజ్ఞ ఇచ్చినంత మాత్రమున చాలదు, వైద్యుడు కావలెను. ఆజ్ఞ వ్యాధిని తెలియజేయును, కృప దానిని బాగుచేయును.

పెలగియు శిష్యుడు సెలెస్తియు 411లో కార్తేజు సంఘసభలో ఖండింపబడెను. 415లో పాలస్తీనాలోని సభ పెలగియును నిర్దోషిగా విడిచిపెట్టెను. అయినను 418 కార్తేజు సభ ఆ బోధను తిరస్కరించెను. రోమా బిషప్ జోసిము మొదట సందేహించి పిమ్మట దానిని ఖండించెను.

అగస్టీను చెప్పినదంతయు సంఘము ఒకే విధముగా అంగీకరింపలేదు. రోమా పత్రిక 5వ అధ్యాయము 12వ వచనమును ఆయన లతీను తర్జుమాలో చదివి, అందరును ఆదామునందే పాపము చేసిరని అర్థము చెప్పెను. గ్రీకు మూలములోని మాట, అందరును పాపము చేసిరి గనుక అను భావమునిచ్చును. తెలుగు బైబిలు కూడ ఈ భావమునే అనుసరించినది. పాపము సంతానోత్పత్తిలోని కామము ద్వారా సంక్రమించునను ఆయన వివరణను, బాప్తిస్మము లేక మరణించిన శిశువులను గూర్చి ఆయన చేసిన కఠిన నిర్ణయమును జూలియను అను బిషప్పు తీవ్రముగా ఎదిరించెను; తూర్పు సంఘములు వాటిని ఎన్నడును తమవిగా చేసికొనలేదు. విడిపోయిన దొనాతు పక్షమువారిని సంఘములోనికి తెచ్చుటకు అధికారుల బలమును ఉపయోగించుటను కూడ ఆయన సమర్థించెను. ఏ మనుష్యుడును పాపమునకు అతీతుడు కాడని బోధించినవాడు తాను కూడ అందుకు మినహాయింపు కాడు.

అయినను వివరణలోని లోపము వలన అసలు సత్యము కొట్టివేయబడలేదు. 1505లో మార్టిన్ లూథరు ఎర్ఫర్టులో చేరిన మఠము అగస్టీను పేరిట వెలసిన సమాజమునకు చెందినది. 1530 నాటి ఆగ్స్‌బర్గు విశ్వాస ప్రమాణములోని 2వ అంశమును, ఆంగ్లికన్ సంఘపు 39 అంశములలోని 9వదియు జన్మపాపమును గూర్చి చెప్పుచు పెలగియు పక్షమును పేర్కొని త్రోసివేయుచున్నవి. తెలుగు దేశములోని లూథరను సంఘములకును, ఆంగ్లికను మూలము గల సంఘములకును ఈ ఒప్పుకోలు ఆ మార్గముననే సంక్రమించెను.

చివరి దినములు

429లో వాండలు జాతివారు స్పెయినునుండి ఆఫ్రికాకు దాటి వచ్చిరి. 430లో వారు హిప్పోను ముట్టడించిరి. పట్టణము పారిపోయి వచ్చినవారితో నిండెను. ముట్టడి మూడవ నెలలో అగస్టీను జ్వరముతో మంచము పట్టెను. అప్పటికి ఆయన వయస్సు 75.

ఆ దినములను ఆయన సహవాసియైన బిషప్ పొస్సీదియు వ్రాసి యుంచెను. దావీదు పశ్చాత్తాప కీర్తనలు కొన్నిటిని వ్రాయించి, పడక యెదుట గోడకు తగిలించుమని అగస్టీను చెప్పెను. పడుకొనియే వాటిని చదువుచు విస్తారముగా ఏడ్చెను. వైద్యుడు వచ్చు వేళను, ఆహారము తెచ్చు వేళను తప్ప ఎవరును లోనికి రాకూడదని మరణమునకు సుమారు పది దినములు ముందు కోరెను. నాలుగు దశాబ్దములు వాక్యము బోధించి, పుస్తకముల వెనుక పుస్తకములు వ్రాసిన ఆ వృద్ధుడు, ఆ గదిలో సుంకరి ప్రార్థన తప్ప మరేమియు తన చేత పట్టుకొనలేదు. 430 ఆగస్టు 28న ఆయన కన్ను మూసెను. ఆస్తి ఏమియు లేనందున మరణశాసనము వ్రాయలేదు. తన పుస్తకములను మాత్రము జాగ్రత్తపరచుమని చెప్పెను.

ఆ కన్నీళ్లు నిరాశతో కార్చినవి కావు. 16వ ఏట పండ్లచెట్టు క్రింద నవ్విన రాత్రికంటె, 75వ ఏట గోడమీది కీర్తనలను చూచి ఏడ్చిన ఆ దినములలో ఆయన దేవునికి ఎంతో సమీపముగా ఉండెను. పాపమును తనదిగా ఒప్పుకొనని కాలమంతయు ఆయన దూరదేశములోనే నివసించెను. ఒప్పుకొనిన దినమున, తండ్రి అంతకుముందే తనకు ఎదురు వచ్చియున్నాడని కనుగొనెను. దూరదేశమునకు ఎవరి దారిని వారు పోవుదురు. తిరిగి వచ్చుటకు మాత్రము దేవుడు తన కుమారునియందు తెరచిన దారి ఒక్కటే గలదు. దానిలో ప్రవేశించుటకు అగస్టీను వలెనే ప్రతి మనుష్యుడును తలవంచవలసి యున్నాడు.